రెండు గాలుల మధ్య మా ఊరు

మా ఊళ్ళో సముద్రం కనిపించేది కాదు, వినిపించేది. పులిగడ్డ దగ్గర చీలిపోయిన కృష్ణ పాయల మధ్య, నాగాయలంక వెళ్ళే దారికి కాస్త ఎడంగా, కాలువ గట్టు మీద తాళ్ళు, గట్టు కింద పొలాలు, పొలాల మధ్య యాభై అరవై ఇళ్ళు. వేసవి రాత్రుళ్ళు వాకిట్లో నులక మంచాలు వాల్చుకుని పడుకుంటే, బియ్యం మర ఆగిపోయి, గొడ్లు నెమరేయడం కూడా మాని ఊరంతా సద్దుమణిగాక, ఎక్కడో దూరంగా హోరు మొదలయ్యేది. దివిసీమకు తూర్పునా సముద్రమే, దక్షిణానా సముద్రమే. అందుకని తాతయ్య మంచం మీద లేచి కూర్చుని, చుట్ట ఆర్పి, ఆ హోరు ఏ వైపు నుంచి వస్తోందో కాసేపు చెవి ఒగ్గి విని, ఏమీ అనకుండా మళ్ళీ పడుకునేవాడు.

రోహిణి కార్తె నాటికి నేల నెర్రెలిచ్చేది. మధ్యాహ్నాలు తాటి ముంజల జిగురు వేళ్ళకు అంటుకుని, కాలువలో మిగిలిన మోకాటిలోతు నీళ్ళు వేడెక్కి, బురద వాసనా, గట్టు మీద ఎండబెట్టిన చేపల వాసనా కలిసిపోయి ఊరంతా కమ్ముకునేవి. పొద్దు వాలాక దక్షిణం నుంచి పైరగాలి లేస్తే, అప్పటిదాకా పంచలో అలికిన నేల మీద పడుకున్న ముసలివాళ్ళు ఒక్కొక్కరే అరుగుల మీదికి వచ్చేవారు. మృగశిర వచ్చి గాలి పడమటికి తిరిగితే, మామ్మ చేపల పులుసు పెట్టేది. మట్టి చట్టిలో చింతపండు పులుపు ఉడికే వాసనా, మొదటి చినుకు పడ్డ దిబ్బ వాసనా నాకిప్పటికీ విడివిడిగా గుర్తుకు రావు.

ఇక అక్కడి నుంచి ముసురు. నారుమళ్ళు, దమ్ములు, ఊడ్పులు, గోనెసంచి కొప్పెర వేసుకుని గట్ల వెంట నడిచే మనుషులు, చూరు నుంచి తెగకుండా కారే నీళ్ళు, ఆరని బట్టలు, పొగచూరిన వంటిల్లు. సాయంత్రం విజయవాడ రేడియోలో ప్రాంతీయ వార్తలు వచ్చే వేళకు మా అరుగు నిండిపోయేది. వాయవ్య బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందనీ, అది బలపడి వాయుగుండం అయిందనీ చెబుతుంటే నాకు గుండె దడదడలాడేది. తాతయ్య మాత్రం తొణికేవాడు కాదు. "ఇది మన వంక రాదులే అబ్బాయ్, ఒరిస్సా పోద్ది. మనకు రెండు వానలిచ్చి పోద్ది," అనేవాడు. శ్రావణ భాద్రపదాల్లో ఆయన మాట తప్పడం నేను చూడలేదు.

ఆయన ఏ పుస్తకమూ చదవకుండా చెప్పినదానికి కారణం నాకు పెద్దయ్యాక పుస్తకాల్లో దొరికింది. నైరుతి రుతుపవనం నేలకు దగ్గరగా పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది. అదే నెలల్లో, మన నెత్తి మీద 14, 15 కిలోమీటర్ల ఎత్తున, తూర్పు నుంచి పడమటికి ఇంకో గాలి గంటకు వంద కిలోమీటర్లు దాటిన వేగంతో పరుగెడుతుంది. ఆ పైగాలిని గుర్తించి 1958లో లోకానికి వివరించింది పి. కోటేశ్వరం, ఆ తర్వాతి కాలంలో మన దేశ వాతావరణ శాఖకు అధిపతి అయిన మనిషి. తుఫాను నిలవాలంటే సముద్రం మీద లేచిన వేడీ తేమా ఒకే చోట, ఒకదాని మీద ఒకటి, నిట్టనిలువుగా పేరుకోవాలి. గడ్డివామి వేసేటప్పుడు కింది వరసల్ని ఒకడు తూర్పుకు లాగుతూ, పై వరసల్ని ఇంకొకడు పడమటికి తోస్తూ ఉంటే వామి ఎలా నిలవదో, ఈ రెండు గాలుల మధ్య తుఫానూ అలా నిలవదు. వానాకాలం నడుమ సముద్రం వెచ్చగానే ఉంటుంది, మబ్బులకు కొదవ ఉండదు, అయినా వాయుగుండాలు సాధారణంగా వాయుగుండాలుగానే మిగిలిపోతాయి. పైగా ఆ నెలల్లో అల్పపీడన ద్రోణి గంగా మైదానం మీదుగా సాగి, దాని తూర్పు కొస బంగాళాఖాతం ఉత్తరపు మూలలో దిగుతుంది. అక్కడ పుట్టిన గుండానికి ఒరిస్సా తీరమో బెంగాల్ తీరమో దగ్గర్లోనే ఉంటుంది. సముద్రం మీద ఎదిగే వ్యవధి లేకుండానే అది నేలెక్కి, వాన కురిపించి, కరిగిపోతుంది. మా పొలాలను తడిపిన రుతుపవనమే ఆ నాలుగు నెలలూ మా ఇళ్ళకూ కాపలా కాసిందని తెలిశాక, ఆ ముసురు రోజుల మీద నాకు ప్రేమ ఇంకాస్త పెరిగింది.

వరద ఏళ్ళలో తాతయ్య మమ్మల్ని ఎడ్లబండి మీద హంసలదీవి తీసుకెళ్ళేవాడు. వేణుగోపాలస్వామి దర్శనం అయ్యాక సాగరసంగమం దాకా నడిస్తే, కృష్ణ ఎర్రనీళ్ళు సముద్రంలోకి చాలా దూరం కలవకుండా పోతూ కనిపించేవి. ఒక పక్క ఎరుపు, ఒక పక్క నీలం, నడుమ నురుగు గీత. ఆ గీత మీద కొట్టుకొచ్చిన గుర్రపుడెక్కా, ఎక్కడి పొలానిదో అరటి బోదే ఊగుతుండేవి. నది నీరు ఉప్పు నీటికంటే తేలిక. గంగా బ్రహ్మపుత్రలు, మహానది, గోదావరి, కృష్ణ మోసుకొచ్చిన వాన నీరంతా బంగాళాఖాతం మీద పలుచని పొరగా పరుచుకుంటుంది. గాలి ఎంత చిలికినా అడుగున ఉన్న చల్లని నీరు ఆ పొరను దాటి అంత తేలిగ్గా పైకి రాలేదు. సముద్రపు పైభాగం వెచ్చగానే ఉండిపోతుంది. తుఫాను పుట్టడానికి 26.5 డిగ్రీల వేడి చాలంటారు, వానలు వెనుదిరిగే నాటికి మన సముద్రం 28 దాకా ఉంటుంది.

ఆశ్వయుజం చివర ముసురు విడిపోయేది. కడిగిన ఆకాశం, నిలిచిపోయిన గాలి, పొలాల మీద తూనీగలు. వరి పొట్టకొచ్చి, ఈనిక పూర్తయి, గింజ పాలు పోసుకునే వేళ పొలం వాసన ఒకటుంటుంది, తియ్యగా, పచ్చిగా. ఊరంతా తేలికపడే ఆ రోజుల్లోనే మామ్మ ముఖం మారిపోయేది. దూలానికి చుట్టిన మోకు తీసి పరీక్షగా చూసేది. దస్తావేజుల పెట్టె అటక మీదికి ఎక్కించేది. అదే అటక మీద పాత గుడ్డలో చుట్టి చిన్న స్టీలు పళ్ళెం ఒకటి ఉండేది, అంచున పేరు చెక్కి. ఆ పేరుగలవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు. నేను అడిగితే మామ్మ పళ్ళెం తుడిచి మళ్ళీ చుట్టి పెట్టేది.

1977 నవంబరు 19, కార్తీక మాసం. ఆ సాయంత్రం వచ్చిన ఉప్పెనలో దివిసీమ ఊళ్ళకు ఊళ్ళే తుడిచిపెట్టుకుపోయాయి. సొర్లగొంది, పాలకాయతిప్ప పేర్లు చెప్పేటప్పుడు పెద్దవాళ్ళ గొంతు తగ్గిపోయేది. ప్రభుత్వ లెక్కల్లోనే పోయినవాళ్ళు సుమారు 10 వేల మంది. ఆ వేళకు పడమటి గాలి వెనక్కి మళ్ళింది, పైన తూర్పు గాలి సద్దుమణిగింది, అల్పపీడన ద్రోణి ఉత్తరం విడిచి బంగాళాఖాతం దక్షిణానికి దిగింది. అక్కడ పుట్టిన గుండానికి అడ్డుపడే గాలి లేదు, కింద వెచ్చని నీరు, ముందు రోజుల తరబడి ప్రయాణం. తీరం చేరేసరికి అది ఎదగాల్సినంతా ఎదిగి ఉంది.

రుతుపవనం రాకముందు కూడా ఇలాంటి సందు ఒకటుంది. అది నేను కళ్ళారా చూశాను. 1990 మే నెల, భరణి కార్తె, వేసవి సెలవులు. సముద్రం ఏడాదిలోకెల్లా వేడిగా కాగి ఉంది, పైన తూర్పు గాలి ఇంకా మొదలవలేదు. ఈసారి రేడియో విని తాతయ్య ఒరిస్సా మాట ఎత్తలేదు. లారీలొచ్చాయి. మామ్మ మోకూ, పెట్టే, గుడ్డలో చుట్టిన పళ్ళెం పట్టుకుని ఎక్కింది. అవనిగడ్డలో ఒక బడి గదిలో, తడిసిన సున్నపు గోడల వాసన మధ్య, కిటికీ రెక్కలకు బెంచీలు అడ్డం పెట్టి ఆ రాత్రి గడిపాం. మే 9న కృష్ణ ముఖద్వారం దగ్గర తీరం దాటిన ఆ తుఫాను బలంలో 1977 నాటిదానికి తీసిపోయేది కాదు. దాదాపు వెయ్యి మంది పోయారు. మా లారీల్లో ఎక్కినవాళ్ళందరం తిరిగి వచ్చాం. ఇంటికి కప్పు లేదు, కాలువ గట్టు మీద తాళ్ళు చాలావరకు మొవ్వులు విరిగి మోళ్ళుగా నిలబడ్డాయి.

ఇప్పుడా వాకిట్లో మంచం వేసుకున్నా సముద్రం వినిపించదు. పొలాలు చాలావరకు రొయ్యల చెరువులయ్యాయి, నీళ్ళను చిలికే మోటార్లు తెల్లవార్లూ మోగుతుంటాయి. తుఫాను కబురు రోజుల ముందే ఫోన్లో వస్తుంది, దానివల్ల ఎందరో బతుకుతున్నారు. కానీ మనుషులను తరలించినంత తేలిగ్గా చేను తరలదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు, డెల్టాలో కోసిన పనలు చేలోనే నీళ్ళలో నాని మొలకలెత్తాయి.

తాతయ్య ఏటా మృగశిర నుంచీ ఎదురుపడ్డవాళ్ళందరినీ ఒకటే అడిగేవాడు, ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువకు నీళ్ళెప్పుడు వదులుతారని. అది ఊడ్పుల తొందర అనుకునేవాణ్ణి. జూన్‌లో నీళ్ళొస్తే నారు ముందుగా పడుతుంది, ఊడ్పు ముందుగా అవుతుంది, పడమటి గాలి మన మీద ఉన్నన్నాళ్ళూ పైరు ఎదిగి, తూర్పు సముద్రానికి అడ్డు తొలగిపోయేలోగా చాలావరకు కోత కోసి ఇంటికి చేరుతుంది. జూన్‌లో ఆయన అడిగింది నవంబరు సంగతి. కాలువకు ముందుగా నీళ్ళివ్వడం, తక్కువ రోజుల్లో పండే వంగడాలు నాటడం, ఇవే మా డెల్టాకు అసలైన తుఫాను హెచ్చరికలు. వాటిని తుఫాను నెలల్లో కాదు, మృగశిరలోనే వినాలి.