పిడికెడు పెట్టె, ఇల్లంతా ఇళయరాజా

ఇంత చిన్న పెట్టెలోంచి ఇంత సంగీతం వస్తుందని ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేం! ఇదో యాంప్లిఫయర్, పేరు ఫోసీ ఆడియో వీ3. పట్టుకోవడానికి ఒక్క అరచెయ్యి చాలు. మా చుట్టుపక్కల ఇళ్లలో నేను చూసిన యాంప్లిఫయర్లన్నీ కోఠి గుజరాతీ గల్లీలో కట్టించినవే. ఎత్తితే నడుం పట్టేసే ట్రాన్స్‌ఫార్మర్, దువ్వెన పళ్లలాంటి హీట్ సింకు, దానికి బిగించిన 5200-1943 ట్రాన్సిస్టర్ జతలు, గంటసేపు పాడితే చెయ్యి పెట్టలేనంత వేడి. ఇదేమో లాప్‌టాప్‌కి ఉండేలాంటి అడాప్టర్‌తో నడుస్తోంది!

మొదట 1989 నాటి 'గీతాంజలి' పాటలు పెట్టాను. ఇళయరాజా బేస్ గిటార్ గొప్పదని అందరూ అంటారు. ఎందుకంటారో ఇప్పుడు తెలిసింది. అది తాళానికి తోడుగా కూర్చునే మోత కాదు, పాట కింద నడిచే ఇంకో పాట. బాలుగారి గొంతు ఒక దారిన పోతుంటే బేస్ వేరే దారి పట్టి, మళ్లీ పల్లవి దగ్గర వచ్చి కలుస్తుంది. తీగ మీటిన క్షణం, స్వరం నిలబడిన సేపు, వేలు పెట్టి ఆపేసిన చోటు, మూడూ విడివిడిగా వినిపిస్తున్నాయి. తర్వాత బాలమురళీకృష్ణగారి కచేరీ. మృదంగం ఎడమ పక్క గుమికి చాప కింద నేల కదిలినట్టయింది. వంటింట్లోంచి అమ్మ, "సౌండు తక్కువే పెట్టావు కదరా, మాటలన్నీ ఎంత బాగా తెలుస్తున్నాయో!" అంది. నిజమే, నాబ్ పావు వంతు కూడా తిరగలేదు.

ఈ పెట్టె గుండె టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల టీపీఏ 3255 అనే చిప్. ఇది క్లాస్ డి రకం. మామూలు యాంప్లిఫయర్‌లో ట్రాన్సిస్టర్ సగం తెరిచిన కుళాయిలా పనిచేస్తుంది, ఆ సగంలో పోయేదంతా వేడే. క్లాస్ డిలో ట్రాన్సిస్టర్ పూర్తిగా ఆన్, లేదంటే పూర్తిగా ఆఫ్. అలా సెకనుకు నాలుగు లక్షల యాభై వేల సార్లకు పైగా మారుతుంది! పాటంతా ఆ ఆన్-ఆఫ్ ముక్కల వెడల్పులో దాగి ఉంటుంది. చివర్లో ఒక కాయిల్, ఒక కెపాసిటర్ ఆ ముక్కల్ని నునుపు చేసి మళ్లీ అలగా మారుస్తాయి. చదివినకొద్దీ ఆశ్చర్యమే. ఈ ఆలోచన పాతది. క్లైవ్ సింక్లెయిర్ 1964లోనే ఎక్స్-10 పేరుతో ఇలాంటి కిట్ అమ్మారు, కానీ అప్పటి ట్రాన్సిస్టర్లకు అంత వేగం లేదు. 1998 ప్రాంతంలో ట్రైపాత్ వాళ్ల టీఏ 2020 చిప్ వచ్చాకే చవక పెట్టెల్లోనూ మంచి ధ్వని వినిపించింది.

ఇక వాట్లు. పెట్టె మీద 300 చొప్పున రెండు అని రాసి ఉంటుంది. దాంతో వచ్చే 48 వోల్టుల, 5 ఆంపియర్ల అడాప్టర్ ఇచ్చేదే మొత్తం 240 వాట్లు, కాబట్టి ఆ అంకె నిలకడగా వచ్చేది కాదు. అయినా నాకు రవ్వంత బెంగ లేదు. ఎందుకో చూడండి: నా స్పీకర్లు ఒక్క వాటుకి, మీటరు దూరంలో 86 డెసిబెల్స్ ఇస్తాయి. వాట్లు రెట్టింపు చేసిన ప్రతిసారీ 3 డెసిబెల్స్ పెరుగుతాయి. అంటే 16 వాట్లకే 98! హాల్లో సోఫా దగ్గర మామూలుగా వినేటప్పుడు ఒకటి రెండు వాట్లే ఖర్చవుతాయి. మిగతా శక్తంతా డప్పు మీద దెబ్బ పడే ఆ క్షణం కోసం దాచి ఉంచినదే. 32 వోల్టుల అడాప్టర్‌తో కూడా 8 ఓముల స్పీకర్‌కి యాభై వాట్లకు పైగా అందుతాయి. చిన్న గదికి అది ధారాళంగా సరిపోతుంది.

బ్లూటూత్ లేదు, రిమోట్ లేదు. ఆర్‌సీఏ తీగతో ఇన్‌పుట్, వెనక స్పీకర్ టెర్మినల్స్, ముందు వాల్యూమ్ నాబ్, అంతే. నాకిదే నచ్చింది. ఫోనుకి చిన్న డాక్ (డిజిటల్ పాటను అనలాగ్ సిగ్నల్‌గా మార్చే పరికరం) తగిలిస్తే పాట మొదలు. లోపలి ఎన్‌ఈ 5532 ఆప్‌ఆంప్‌లు సాకెట్లలో ఉన్నాయి, కావాలంటే పీకి వేరేవి పెట్టుకోవచ్చట. నేను మాత్రం ఇప్పట్లో ముట్టుకోను. యాంప్లిఫయర్ మీద మిగిలే డబ్బు స్పీకర్ల మీద పెట్టడమే న్యాయం, తేడా ముందు తెలిసేది అక్కడే.

ఆదివారం మా బావ తన పాత 4 ఓముల స్పీకర్లు తెస్తానన్నాడు. వాటికి కరెంటు ఎక్కువ కావాలి, ఈ చిప్‌కి అది ఇష్టమైన పనే. 'సాగర సంగమం' పెట్టమని అమ్మ, ఘంటసాల పెట్టమని బావ. రెండూ పెడతాను!