సైకిలు సొగసు

సోదరీమణులారా! నగ చేయించునప్పుడు మనలో జరుగు చర్చలు మీరెఱుగనివి కావు. రాయి యెఱ్ఱనిదా, పచ్చనిదా. తీగె సన్ననిదా, లావుదా. కొక్కెమా, మరయా యని పూటలు గడచిపోవును. అది చూచి నవ్వు పురుషులే నలుగురు చేరి యొక సైకిలును గూర్చి వాదించుట మీరెన్నడైన వింటిరా? మా వారు బడిపంతులు. వారికిని, వారి మిత్రులు ముగ్గురికిని సైకిళ్ళనిన మిక్కిలి మక్కువ. అంగడిలో సిద్ధముగ నమ్మునవి వారి కంటి కానవు. చట్రమొకచోట, చక్రములొకచోట, పిడి యింకొకచోట నేఱి తెచ్చి, కూర్చి, రంగు వేయించి, గోడకు చేర్చి నిలిపి, ఆదివారములందు మా యరుగుమీద గుణదోషవిచారణకు గూర్చుందురు. ఇంటిపనులు చేసికొనుచు మేము గుమ్మములోనుండి వినుచుందుము.

మేము చిన్ననాట మా తండ్రిగారియొద్ద కావ్యములును, కొంత యలంకారశాస్త్రమును చదువుకొంటిమి. కావ్యమునకాత్మ రీతియని వామనుడును, ధ్వనియని యానందవర్ధనుడును, ఔచిత్యమే ప్రాణమని క్షేమేంద్రుడును జెప్పిరి. అరుగుమీది మాటలు వినగా నీ మతములే వేఱు పేరులతో మరల వాదమునకు దిగినట్లు మాకు తోచుచుండును.

వారిలో పోస్టాఫీసు కొలువు చాలించిన పెద్దాయన యొకరు ఉక్కువాది. ఉక్కు గొట్టముల చట్రము గానిది సైకిలే కాదని వారి మతము. ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ రేనాల్డ్స్ అను నాతడు 1897 లో నొక గొట్టమునకు పేటెంటు పొందెనట. అది కొనలయందు మందము, నడుమ పలుచన. అతుకు పడుచోటనే బలము కావలెను గాని నడుమ వృథాగా బరువేల? 1935 లో ఆ కంపెనీవారే మాంగనీసును, మాలిబ్డినమును గలిపిన ఉక్కును 531 అను పేర వెలువరించిరి. గొట్టములు కలియుచోట లగ్గులను తొడుగులుంచి, ఇత్తడి గాని వెండి గాని కరగించి యతుకుదురు. ఆ తొడుగు లంచులను పనివాడు ఆకురాయితో సన్నముగ దీర్చును. పెద్దాయన తన సైకిలు తొడుగులను జూపినప్పుడు మేమును దగ్గఱగా బోయి చూచితిమి. కంసాలి పనితనమునకు తీసిపోనిది.

బ్యాంకులో పనిచేయు చిన్నవాడు కార్బను పక్షమువాడు. నారను జిగురుతో పొరలు పొరలుగ నచ్చులో నొత్తి చేయు నా చట్రము కిలోకు లోపుననే తూగును. ఉక్కుదియో రెండు కిలోల దరిదాపు. తేలిక మితిమీరకుండ, పోటీ సైకిలు 6.8 కిలోలకు తగ్గరాదని అంతర్జాతీయ సైకిలు సంఘమువారు 2000 లో నియమము చేయవలసివచ్చెను. "వంగిన ఉక్కును సరిచేయవచ్చును, విఱిగిన నతుకవచ్చును, నీ కార్బనులో లోపలి బీట కంటికి గూడ కనబడదు గదా!" యని పెద్దాయన గద్దించును. చిన్నవాడు, "అట్లయిన నెడ్లబండి యింకను మేలు" అనును. అంతట కాఫీ పంపుటయే సంధికి మార్గము.

ఈ వాదములు క్రొత్తవి కావు. ఫ్రాన్సులో నాంరీ దెగ్రాంజ్ అను పత్రికాధిపతి, గేర్లు మార్చుకొను సైకిలు నలువదియైదేండ్లు దాటినవారికే తగునని 1902 లో వ్రాసెను. ఆయన మఱుసటియేట నెలకొల్పిన టూర్ ద ఫ్రాన్స్ పందెమున గొలుసును పండ్లచక్రముమీద మార్చు సాధనమునకు 1937 వఱకు తావు దొరకలేదు. నేడు గేర్లు లేని సైకిలుతో నా పందెమునకు బోవువారే లేరు. టైరుల సంగతియు నంతియే. సన్నని టైరే వేగమని నిన్నటి మాట. 23 మిల్లీమీటర్ల టైరులు విడిచి, పందెగాండ్రే యిపుడు 28 కిని అంతకు మించినవానికిని వచ్చిరి. గతుకుబాటలో వెడల్పు టైరు కుదుపును మ్రింగి వేగమును నిలుపునట.

మా వారి మనస్సు మాత్రము పారిసు చెంత లెవల్వా పెరేలో పనిచేసిన రెనే ఎర్స్ అను శిల్పిమీద నున్నది. ఆయన చట్రము, మడ్గార్డులు, దీపము, సామాను మోయు కమ్ములు అన్నిటిని నొక్క వస్తువుగ భావించి కూర్చెడివాడు. ఆయన కుమార్తె లిలీ తండ్రి చేసిన సైకిళ్ళమీద ఫ్రెంచి జాతీయ పందెమును ఎనిమిది మారులు గెలిచినది. తండ్రి కూతును గొలిచి చేసిన సైకిలు! ఆ మాట విన్న నాటినుండి మా మనస్సులో నొక యాలోచన మెదలుచుండెను.

మా పెద్దమ్మాయి తొమ్మిదవ తరగతికి వచ్చినది. ఉన్నత పాఠశాల యైదు కిలోమీటర్లు. ఆమెకొక సైకిలు కూర్పవలెనని నలుగురును నిశ్చయించి, రెండాదివారములు వాదించిరి. రంగు ఆకుపచ్చయా, ఊదాయా; తోలు సీటు గోధుమవన్నెదా, నల్లనిదా; మడ్గార్డు రేకుదా, ప్లాస్టికుదా? అమ్మాయి మాత్రము లోపల లెక్కలు చేసికొనుచుండెను. మా వీథిలో నొక బాలికకు అన్న సైకిలు నిచ్చిరి. కాలు నేలకందక మలుపులో పడినది. సైకిలు కొట్టములో చేరినది. మఱుసటి సంవత్సరము బాలికయు బడి మానినది. అది మా కన్నులకు గట్టియుండెను.

మేము వాకిటికి వచ్చి, "ఏమండీ, అమ్మాయి కాలు నేలకానునా? బ్రేకు దాని వ్రేళ్ళకందునా?" యని యడిగితిమి. ఎవరును పలుకరైరి. కొంతసేపటికి పెద్దాయన, "అమ్మా, పిల్లను పిలువుము. టేపు తెమ్మనుము" అనెను.

అమెరికాలో రోచెస్టరు నగరమున యంత్రశాస్త్రము చదివిన జార్జీనా టెరీ యను నామె యీ ప్రశ్ననే యడిగి, 1985 లో స్త్రీల కొఱకు సైకిళ్ళు చేయు సంస్థను స్థాపించినది. పొట్టివారికై పై గొట్టమును కుఱుచ చేసినచో పాదము ముందు చక్రమునకు దగులును. అందులకై యామె ముందు చక్రమును 24 అంగుళములకు తగ్గించినది. సైకిలు వింతగ నున్నదని కొందఱు నవ్వియుందురు. ఎక్కిన స్త్రీలకు మాత్రము చేతులు నొవ్వలేదు.

మా యమ్మాయిని గొలిచిరి. ఓణీ యడ్డుపడకుండ గొట్టము క్రిందికి వంగిన చిన్న చట్రము తెచ్చిరి. కుఱుచ పెడలు కాడలు వేసిరి. బ్రేకు పిడిలోని చిన్న మరను బిగించి దానిని వ్రేళ్ళకు దగ్గఱ చేసిరి. వెనుక చక్రమునకు వల, గొలుసునకు నిండు మూత. నూఱేండ్లకు బూర్వమే యూరపు స్త్రీలు గౌను చిక్కుకొనకుండ నట్టి వలనే కట్టించుకొనిరట. రంగును అమ్మాయియే యేఱుకొన్నది: పసుపు. నలుగురిలో నొకరికిని నచ్చలేదు.

సోదరీమణులారా! మన పిల్లలకు సైకిలు కొనునప్పుడు అంగడివాని మాటతోను, అందముతోను తృప్తిపడకుడు. చట్రమునకు రెండు ప్రక్కల కాళ్ళుంచి నిలిచినపుడు రెండు పాదములును నేలకు సమముగ నానవలెను. పెడలు అడుగున నున్నపుడు మోకాలు కొంచెము వంగియుండవలెను. అరచేయి పిడినుండి లేవకయే వ్రేళ్ళు బ్రేకును పట్టవలెను. పిల్లను అంగడికి వెంటగొనిపోయి యివి మూడును మీ కన్నులతో చూచుకొనుడు. మగవారి చర్చకు మనమేల యని గుమ్మములోనే నిలువవలదు. రంగును గూర్చి వారు తర్వాత నెంత వాదించినను మంచిదే.