నాలుగో నంబరు గాలి

కారులో ఏసీ ఫ్యాను నాలుగో నంబరులో తప్ప తిరగడం మానేసింది. మొదట వెళ్ళిన పెద్ద వర్క్‌షాపులో నేను చెప్పేది సగంలోనే ఆపి, "సార్‌తో ఒకసారి మాట్లాడతాం మేడమ్" అన్నారు. కారు నాది, నడిపేది నేను. మోటారు మొత్తం మార్చాలన్న సంగతి మాత్రం ఫోనులో మా ఆయనకి చెప్పారు.

దారుల్‌షిఫాలో ఒక మెకానిక్ ఉన్నాడంది స్నేహితురాలు. "పాతబస్తీకి ఒక్కదానివే వెళ్తావా?" అంది అమ్మ. సాహిత్యంలో డాక్టరేట్ చేసిన నేను కూడా లోపల అదే ప్రశ్న వేసుకున్నాను.

ఆయన నన్నే అడిగాడు. ఎప్పటినుంచి? మాడు వాసన వచ్చిందా? తర్వాత డాష్‌బోర్డు కింద దూరి ఒక చిన్న ముక్క తీసి నా అరచేతిలో పెట్టాడు.

"మోటర్ మంచిగుంది మేడం. ఇది రెసిస్టర్. కింది మూడు స్పీడ్లకు కరెంటు దీంట్లకెల్లి పోతది. నాలుగోదానికి సీదా పోతది. అందుకే అదొక్కటి నడుస్తుంది."

కాలిన తీగ నాకూ కనిపించింది.

నమ్మకమంటే కళ్ళు మూసుకోవడం అనుకునేదాన్ని. ఆయన చూపించి నమ్మించాడు. అంతకంటే ముందు నా మాట నమ్మాడు.

నయాపూల్ దాటుతుంటే ఒకటో నంబరులో గాలి మెల్లగా తగులుతోంది. నేను ఆడదాన్నని వర్క్‌షాపువాళ్ళు ఏం చేశారో, ఆయనది పాతబస్తీ అని, ఆయన్ని చూడకముందే నేనూ అదే చేశాను. ఆ కాలిన ముక్కని ఇప్పటికీ నా రాతబల్ల మీదే ఉంచుకున్నాను.