అక్కకీ ఇంజెక్షనే, చేపకీ ఇంజెక్షనే!

మా కైకలూరు వైపు ఎవర్ని కదిపినా చేపల చెరువుల గురించి గంటసేపు చెబుతారు. కానీ ‘చెరువులో శీలావతి గుడ్లు పెడుతుందా?’ అని అడిగి చూడండి. ‘పెట్టక ఏం చేస్తుంది?’ అంటారు చాలామంది. పెట్టదు. శీలావతి, బొచ్చె లాంటి వాటికి కడుపు నిండా గుడ్లుంటాయి. కానీ నిలవ నీళ్లలో వదలవు. వాటికి వానాకాలపు ఏటి వరద కావాలి.

నేను పనిచేసే హ్యాచరీలో ఆ వరద కబురుని సిరంజితో ఇస్తాం. సాయంత్రం సూది వేస్తే తెల్లారేసరికి లక్షల గుడ్లు!

అసలు సంగతంతా చేప మెదడులో ఉంది. కొత్త నీరు, ప్రవాహం లాంటి మార్పులు తెలియగానే హైపోథలామస్ అనే భాగం జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ని వదులుతుంది. అది కిందనున్న పిట్యూటరీ గ్రంథిని లేపుతుంది. పిట్యూటరీ ఎల్‌హెచ్‌ని రక్తంలోకి పంపితే, అప్పుడు గుడ్లు పూర్తిగా పక్వానికొచ్చి బయటపడతాయి. మధ్యలో డోపమిన్ అనేది బ్రేకు వేస్తుంటుంది. అందుకే మేం వాడే మందులో రెండుంటాయి. ఒకటి, సాల్మన్ చేప జీఎన్‌ఆర్‌హెచ్‌ని పోలిన మందు. రెండోది, ఆ బ్రేకు తీసే డోంపెరిడోన్. అవును, మనం వాంతులకి వేసుకునేదే!

ఇలాంటి మందులు రాకముందు, చనిపోయిన చేపల తలల్లోంచి పిట్యూటరీ తీసి, దాని రసాన్ని ఎక్కించేవాళ్లు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌదరి, అలీకున్హి మన కార్ప్ చేపలతో అలా గుడ్లు పెట్టించారు. ఆ రోజునే ఇప్పుడు జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుతున్నారు. అంతకుముందు చేపపిల్ల కావాలంటే ఎక్కువగా నదుల్లో వలలేసి పట్టుకోవాల్సొచ్చేది.

ఇదంతా మా అక్క కోసం చెబుతున్నా. పెళ్లయి ఆరేళ్లు. పిల్లల్లేరు. పోయినేడు ఐవీఎఫ్ మొదలుపెట్టారు. మందుల చీటీ చూస్తే అందులో జీఎన్‌ఆర్‌హెచ్ తరహా ఇంజెక్షనే! ఆ రాత్రి కూర్చుని చదివా. ఈ హార్మోన్ మనిషిలోనూ పది అమైనో ఆమ్లాల గొలుసే, సాల్మన్‌లోనూ పదే. అందులో ఎనిమిది ఒకటే. తేడా రెండే రెండు!

ఓ ఆదివారం అక్క అత్తగారింట్లో భోజనాల దగ్గర, ఓ పెద్దావిడ ‘సూదులతో పుట్టే బిడ్డేం బిడ్డమ్మా’ అంది. అక్క తలొంచుకుంది. నేను ఉండబట్టలేక, ‘పిన్నిగారూ, మీ కంచంలో ఉన్న శీలావతి కూడా సూదితో పుట్టిందేనండీ. పులుసు బాగుందా?’ అన్నా. ఆవిడ మాట్లాడలేదు. బావ మాత్రం నవ్వేశాడు.

బావ నవ్వాడు గానీ, ఆయన అప్పటికి ఒక్క పరీక్ష కూడా చేయించుకోలేదు. డాక్టరు అడిగినప్పుడల్లా ‘తర్వాత చూద్దాం’ అనేవాడు. సూదులన్నీ అక్కకే, మాటలన్నీ అక్కకే. తిరుగు దారిలో బండి మీద చెప్పా. ‘బావా, మా దగ్గర మగచేపకీ సూది వేస్తాం. డోసు తక్కువ, అంతే. గుడ్లు పొదగకపోతే ఆడచేపనే అనం. మగవాటిని చూస్తాం, నీళ్లు చూస్తాం.’ ఊరొచ్చేదాకా ఆయన నోరు విప్పలేదు. వారానికి పరీక్షకెళ్లాడు. కౌంట్ తక్కువుందన్నారు.

మొదటి ప్రయత్నం నిలవలేదు. రెండోది ఈ నెలాఖరుకి. ఏమవుతుందో చెప్పలేను. ఈసారి మాత్రం బావ కూడా మందులు వాడుతున్నాడు. ఆ మాట తనే వాళ్లమ్మకి చెప్పాడు.

చెరువులో గుడ్లు వదలని శీలావతిని గొడ్డు చేప అని ఎవరూ అనరు. లోపల అన్నీ ఉన్నాయి, కబురు అందలేదంతే అంటారు. ఆ ఓపిక ఇంట్లో ఆడపిల్ల మీద కూడా చూపిస్తే ఎంత బాగుంటుంది!