పెండింగ్‌లో పోయిన రెండు రోజులు

ఐటీడీఏ హాస్టల్లో కలిసి చదివి, ఇప్పుడు హైదరాబాద్‌లో ఒకే టీమ్‌లో ఉన్న మేమిద్దరం రాస్తున్నాం.

ఓపెన్‌షిఫ్ట్ మీద ఐబీఎం ఎంక్యూ పెట్టే పని మాకిచ్చారు. మల్టీ-ఇన్‌స్టెన్స్ పద్ధతి: ఒక పాడ్ పడిపోతే ఇంకోటి అందుకుంటుంది. అంటే రెండూ ఒకే డేటా చూడాలి. మేమేమో మాకు తెలిసిన బ్లాక్ స్టోరేజీ ఇచ్చేశాం. పీవీసీ పెండింగ్‌లోనే ఉండిపోయింది.

రెండు రోజులు ఎవర్నీ అడగలేదు. "కోటాలో చదివినోళ్లు" అంటారేమోనని భయం. చివరికి సీనియర్ అన్నను అడిగితే ఒక్కటే అన్నాడు: "ఆ డేటా ఎంతమంది రాయాలి?"

బ్లాక్ స్టోరేజీకి మామూలుగా రీడ్‌రైట్‌వన్స్ నడుస్తుంది. ఒక్క నోడ్‌కే తగులుతుంది, మన ఇంటి గాదె లాగ. మాకు కావాల్సింది రీడ్‌రైట్‌మెనీ, ఊరంతా తోడుకునే చెలమ. సెఫ్‌ఎఫ్ఎస్ లాంటి ఫైల్ స్టోరేజీ అది ఇస్తుంది. అదే నేటివ్ హెచ్ఏ అయితే 3 పాడ్‌లు, ఎవరి డిస్కు వాళ్లది, కాపీలు ఎంక్యూనే చూసుకుంటుంది. అక్కడ బ్లాకే చాలు.

స్టోరేజీ మార్చాక అరగంటలో లేచింది. రెండు రోజులు తిన్నది స్టోరేజీ కాదు, మా భయం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, తెలీకపోతే మొదటి రోజే అడగండి. మమ్మల్నైనా సరే.