మీసాల్లేని కాలం

పక్షుల పేర్లలో ఒక చిన్న మోసం ఉంది. చాలా పేర్లు వాటి పెళ్లిబట్టలు చూసి పెట్టినవి. మన చెరువులకి వచ్చేసరికి అవి ఆ బట్టలు విప్పేసి ఉంటాయి.

విస్కర్డ్ టెర్న్ సంగతే చూడండి. టెర్న్‌లు సీగల్స్‌కి దగ్గరి చుట్టాలు. గూడు కట్టే రోజుల్లో ఈ పిట్టకి నెత్తిన నల్లటోపీ, ముదురు బూడిదరంగు పొట్ట, ఆ రెండింటి మధ్య చెంప మీద తెల్లటి పట్టీ. ఆ పట్టీనే మీసమనుకున్నారు. ఆ వేషమంతా కశ్మీరు సరస్సుల్లోనో, ఇంకా పైన మధ్య ఆసియాలోనో. చలికాలంలో మన దగ్గర ఉన్నప్పుడు పొట్ట తెల్లగా ఉంటుంది, టోపీ చెరిగి కంటి వెనకాల ఒక నల్లమరక మిగులుతుంది. తెల్లచెంప తెల్లపొట్టలో కలిసిపోయాక ఇంక మీసమెక్కడిది?

ఆసియా దేశాల్లో 1987 నుంచి ఏటా జనవరిలో నీటిపక్షుల్ని లెక్కపెడుతున్నారు. ఈసారి ఆ లెక్క కోసం నల్గొండ వెళ్లి, పొద్దున్నే పానగల్లు ఉదయసముద్రం కట్ట ఎక్కాను. కందూరు చోళుల కాలపు చెరువు, ఇప్పుడు కృష్ణా నీళ్లతో నిండుతోంది. సముద్రం ఇక్కడికి దాదాపు రెండు వందల కిలోమీటర్లు. అయినా టెర్న్‌లు వస్తాయి.

నాతో నాయిన కూడా వచ్చాడు. అమ్మ పంపింది. "ఇంట్ల ఉంటే గోడలు చూస్కుంట కూసుంటుండు, తోలుకపో బిడ్డా" అంది.

నాయిన ముప్పై ఏళ్లు బస్సు నడిపాడు. రిటైరయ్యాక ఓసారి తెల్లచొక్కా వేసుకుని రోడ్డు మీద చెయ్యెత్తితే, ఆయన దగ్గర పని నేర్చుకున్న కుర్రాడే గుర్తుపట్టక బండి ఆపకుండా వెళ్లిపోయాడట. ఖాకీ లేదు కదా. ఈ సంగతి నాయిన నాకు చెప్పలేదు, అమ్మ చెప్పింది. అప్పట్నించీ ఆయన బజారుకి పోవడం తగ్గించాడు.

నేను బైనాక్యులర్స్‌లో చూస్తూ ఫోన్‌లో రాసుకుంటున్నాను. గల్-బిల్డ్ టెర్న్, నలభై. గ్రిమెట్, ఇన్‌స్కిప్‌ల పుస్తకంలో దీనికీ చలికాలంలో తెల్లతల, కంటి వెనక నల్లమరక, నల్లముక్కు. ముక్కు లావుగా ఉంటుంది. నాకు లావుగానే కనిపించింది.

"అన్నీ ఒక్కటే రాసినవా?" అన్నాడు నాయిన.

"ఒక్కటే కదా నాయినా."

"కాదు. గా నీళ్ల మీదివి సన్నగున్నయ్. గాలికి ఎదురుపోతయ్, ముక్కు కిందికి పెట్టి. ఆగుతయ్, నీళ్లు ముట్టీ ముట్టనట్టు ముట్టి లేస్తయ్. ఒడ్డుకు చెలకల మీద తిరుగుతున్నవి చూడు, రెండే ఉన్నయ్. పెద్దయి. రెక్క నిమ్మళంగ కొడ్తున్నయ్."

మళ్లీ చూశాను. నీళ్ల మీదివన్నీ విస్కర్డ్ టెర్న్‌లే. ఎండిన నేల మీద పురుగుల కోసం తిరుగుతున్న రెండు మాత్రమే గల్-బిల్డ్. దూరంగా పసుపుముక్కు రివర్ టెర్న్ ఒకటి రాయిలా నీళ్లలో పడింది. దాని పద్ధతి అది. నేను రంగు వెతుక్కుంటూ కూర్చున్నాను, చలికాలంలో రంగే ఉండదని తెలిసి కూడా.

"ఎట్ల పట్టినవ్ నాయినా?"

"రాత్రి ఎదురొచ్చే బండి బోర్డు కనవడ్తదా? లైట్లు ఊగే తీరు చూసి చెప్తం, లారీయా, బస్సా, లోడున్నదా, ఖాళీనా అని."

పక్షులు చూసేవాళ్లు దీన్ని 'జిజ్' అంటారు. ఆకారం, నడక, ఎగిరే తీరు, అన్నీ కలిపి ఒక్క చూపులో పట్టుకోవడం. పుస్తకం చదివితే రాదు, ఏళ్లు పడుతుంది. నాయినకి ఆ ఏళ్లు నల్గొండ-దేవరకొండ రోడ్డు మీద గడిచాయి.

నలభై కొట్టేసి రెండు రాశాను. విస్కర్డ్ ముప్పై ఎనిమిది. ఆ పేరుకి అర్థం చెబితే నవ్వాడు. "మీసాల్లేని పిట్టకు మీసాల పేరా? మరి మీసాలెప్పుడొస్తయ్?"

"పోయే ముందర. మార్చి, ఏప్రిల్ల."

ఆయన ఇంకేం అడగలేదు. కట్ట దిగేటప్పుడు మాత్రం బైనాక్యులర్స్ తన మెడలోనే ఉంచుకున్నాడు. హైదరాబాద్ బస్సెక్కాక గుర్తొచ్చింది నాకు. తిరిగి అడగలేదు.

ఏప్రిల్‌లో ఒకరోజు పొద్దున ఆరింటికి ఫోన్. నాయిన ఎప్పుడూ తనంతట తాను ఫోన్ చెయ్యడు, కంగారుగా ఎత్తాను. వెనక గాలి హోరు.

"బిడ్డా, కడుపులు నల్లవడ్డయ్. మీసాలొచ్చినయ్. ఇంక పోయేటట్టున్నయ్."

"ఎన్నున్నయ్ నాయినా?"

"ఆగు, లెక్కవెడ్తున్న" అన్నాడు.