వేలు విడిచిన మేనత్త

తండ్రికి తోడబుట్టినది మేనత్త. తండ్రికి పినతల్లి కూతురైతే వేలు విడిచిన మేనత్త. క్లాసులో ఈ నుడికారం చెప్పినప్పుడల్లా, "ఎవరి వేలు ఎవరు విడిచారండీ?" అని వెనక బెంచీలోంచి ఎవడో ఒకడు అడుగుతాడు. నేను చుట్టరికాల మెట్లు లెక్కపెట్టి చూపించి తప్పించుకుంటాను.

అటువంటి మేనత్త మాకు రాజమండ్రి ఆర్యాపురంలో ఉండేది. పిల్లల్లేరు. 1991 గోదావరి పుష్కరాలకు నాన్నగారు మమ్మల్నందర్నీ ఆవిడ ఇంట్లో దింపారు. నాకప్పుడు పదకొండేళ్ళు. ఉన్నవి రెండు గదులూ, ఒక వసారా. ఏ పూటా విస్తళ్ళు ముప్ఫైకి తగ్గలేదు. అందులో సగంమంది ఏ వరస చుట్టాలో ఆవిడకే తెలియాలి. తెల్లవారుజామున కోటిలింగాల రేవుకు బయలుదేరినప్పుడు నా చూపుడువేలు పట్టుకుంది. మళ్ళీ ఇంటి గుమ్మం ఎక్కేదాకా వదిలితే ఒట్టు! కంద బచ్చలి కూరలో ఆవ ఘాటుకు నా కళ్ళు చెమర్చితే, "ఏడవకురా, నీకు ముందే పెరుగు వేస్తాగా" అని పంక్తిలో అందరూ వినేలా అనేసింది. ఆ అవమానం చాలాకాలం మరిచిపోలేదు.

పుష్కరం మళ్ళీ పన్నెండేళ్ళకుగాని రాదు. 2003లో ఆవిడ దగ్గరనుంచి నాకు కార్డు వచ్చింది. వసారాకు తడికలు కట్టించాననీ, తప్పక రమ్మనీ. నాకు ఉద్యోగమైన కొత్త. జవాబు రేపు రాద్దామని కార్డు నిఘంటువులో పెట్టాను. ఆ రేపటి సంగతి వేరే చెప్పాలా? పోట్లాట లేదు, మాటపట్టింపు లేదు. ఏదైనా ఉన్నా బాగుండేది. పోట్లాడిన చుట్టాన్ని ఎవరూ మరిచిపోరు.

2015 పుష్కరాలనాటికి నాన్నగారు లేరు. రేవులో ఆయనకు పిండప్రదానం అయ్యాక, పురోహితుడు కారుణ్య పితరుల వరస ఎత్తుకున్నాడు. "పోయిన మేనత్తలెవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరండీ" అన్నాను. నాన్నగారికి అక్కచెల్లెళ్ళు లేరు. అబద్ధం కాదు.

ఆ తరవాత చీరా, పళ్ళూ పట్టుకుని ఆర్యాపురం వెళ్ళాను. ఆ ఇల్లున్నచోట మూడంతస్తుల మేడ. ఎదురింటాయన నా చేతిసంచీ వంక చూశాడు. "మామ్మగారు పోయి నాలుగేళ్ళయిందండీ. పుష్కరాలకు మావాళ్ళొస్తారని ఆఖరుదాకా ఆ పెద్ద గుండిగ అమ్మనివ్వలేదు."

ఏడాది దాటి తెలిసిన చావుకు స్నానంతో సరి అంటారు పెద్దలు. ఆ స్నానం పొద్దున్నే అయిపోయింది.

మళ్ళీ రేవుకు వెళ్ళాను. ఈసారి వేరే పురోహితుడు.

"గోత్రం?"

"తెలియదండీ."

"ఫరవాలేదు, కాశ్యప గోత్రం చెప్పుకోండి. పేరు?"

నోట మాట రాలేదు. రాజమండ్రి అత్తయ్య. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచీ మాకు అదే పేరు. అమ్మకు ఫోను చేశాను. "మేమూ రాజమండ్రి వదిన అనేవాళ్ళంరా. పేరు మీ నాన్నగారికే తెలియాలి. ఆ కార్డు మీద ఉంటుందేమో చూడు" అంది. వెనక జనం తొందరపడుతున్నారు. పురోహితుడు ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "అత్తయ్యగారికనే అనుకుని వదలండి బాబూ" అన్నాడు. వదిలాను.

ఇంటికి వచ్చి నిఘంటువు దులిపాను. కార్డు ఉంది. సిరా వెలిసినా అక్షరాలు తెలుస్తున్నాయి. అడుగున, "ఆశీస్సులతో, మీ రాజమండ్రి అత్తయ్య" అని ఉంది.

పుష్కరాలు మళ్ళీ 2027లో. రాజమండ్రి వైపు ఏ పని పడినా ఆర్యాపురం వెళ్ళి ఆవిడ పేరు అడిగి వస్తున్నాను.